మర్జాన్‌ను తీసుకుపోయిన రోజు

జగిత్యాల పక్క పల్లెనుంచి కువైట్ వచ్చిన జలంధర్‌కు గుర్రాల షెడ్డులో పని దొరికింది. అతనికి వీసా ఇచ్చిన కఫీల్ అబూ నాసర్‌కు నాలుగు జాతి గుర్రాలున్నాయి. పెద్ద ధర పలికేవి కావు. వాటిలో మర్జాన్ అనే ఎర్ర గుర్రం ముందుకాలు వాచి మూలనపడితే, అమ్మేద్దామనుకున్నాడు అబూ నాసర్. జలంధర్ బతిమాలి ఆపాడు. చలికాలమంతా దాని కాలికి చన్నీళ్లు పోశాడు, మందు రాశాడు, ఇసుకలో మెల్లగా నడిపించాడు. కాలు బాగుపడింది.

ఆ ఏడు తక్కువ ధర గుర్రాలకు చాంపియన్ పోటీ పెట్టారు. అందులో పరిగెత్తే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర ప్రకటిస్తారు. పందెం మొదలయ్యేలోగా ఆ ధర కట్టినవాడిదే గుర్రం, అది గెలిచినా ఓడినా. యజమాని కాదనడానికి లేదు.

"కాలి పట్టీ విప్పకు. కాలు బాగైందని ఎవరికీ చెప్పకు" అన్నాడు అబూ నాసర్. కుంటిగుర్రాన్ని ఎవరూ కొనరని ఆయన ధీమా.

జలంధర్ చెప్పింది ఒక్కడికే. భార్య రాజమణి తమ్ముడు సిద్ధయ్యకు. వాణ్ణి వీసా ఇప్పించి రప్పించిందీ, గుర్రానికి జీను కట్టడం నేర్పిందీ తనే. సిద్ధయ్య పక్క షెడ్డులో వేరే అర్బాబు, అంటే యజమాని, దగ్గర పనిచేస్తాడు. ఇద్దరిదీ ఒకే గది.

పందెం నాడు పట్టీ విప్పగానే మర్జాన్ మెడ విదిలించి కదిలింది. చివరి మలుపులో అన్నిటినీ దాటేసింది. జలంధర్ కంచె పట్టుకుని అరిచాడు, ఏడ్చాడు. పరిగెత్తి పగ్గం అందుకునేసరికి పక్కన సిద్ధయ్య నిలబడి ఉన్నాడు.

"పగ్గమియ్యి బావా. గుర్రం మా అర్బాబు కొన్నడు."

"ఎట్ల కొన్నడు? కాలు బాగైందని ఆయనకెట్ల తెల్సు?"

సిద్ధయ్య తల దించుకున్నాడు. "నా ఇఖామా కార్డు డ్రైవర్ పనికి మారుస్తనన్నడు బావా. ఎన్నాళ్లు పేడ ఎత్తాలె?"

మర్జాన్ జలంధర్ భుజం మీద మూతి రుద్దుతోంది. పగ్గం అతని చేతిలోంచి సిద్ధయ్యే తీసుకున్నాడు.

సాయంత్రం అబూ నాసర్ పిలిపించాడు. "కిస్‌కో బోలా తుమ్?" అని, ఎవరికి చెప్పావని మూడుసార్లు అడిగాడు. సిద్ధయ్య పేరు చెబితే అబూ నాసర్ ఫిర్యాదు చేసి వాణ్ణి దేశం దాటిస్తాడని జలంధర్‌కు తెలుసు. రాజమణి మొహం గుర్తొచ్చి నోరు విప్పలేదు.

"తూనే బేచ్ దియా. ఖలాస్" అన్నాడు అబూ నాసర్, గుట్టు అమ్ముకున్నది నువ్వే, ఇక చాలు అన్నట్టు. గుర్రాల దగ్గరికి మళ్లీ రావద్దని, అల్ రాయ్‌లో తన టైర్ల గోదాముకు పొమ్మన్నాడు.

ఆ శుక్రవారం జలంధర్ ఇంటికి ఫోన్ చేశాడు. జరిగినదంతా చెప్పి, సిద్ధయ్య పేరు తను బయటపెట్టలేదన్నాడు.

"తమ్ముడు నాకు మొదలే చెప్పిండు" అంది రాజమణి. "నీకు చెప్తే అడ్డం పడ్తవని ఊకున్న. వాడు బాగుపడ్తె మనకు మంచిదే గద?"

"నా పని పోయినా మంచిదేనా?"

"గంత దూరం పోతదనుకోలే."

ఫోన్ పెట్టేశాడు. సిద్ధయ్య మీద వచ్చిన కోపానికి ఒక దారి ఉంది, తిట్టవచ్చు, గదిలోంచి పొమ్మనవచ్చు. రాజమణి మీద వచ్చిన దానికి ఏ దారీ లేదు. సామాను సర్దుకుని తనే గది మారాడు. రెండేళ్లు గోదాములో టైర్లు దొర్లించాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపాడు గాని, ఫోన్‌లో క్షేమం అడిగి ఊరుకునేవాడు.

సెలవు మీద ఊరెళ్లినప్పుడు రాజమణి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. పిల్లల సంగతులు చెప్పింది, కొత్తగా వేయించిన బోరు చూపిస్తానంది. ఆఖరికి మెల్లగా అడిగింది, "ఆ గుర్రం బాగనే ఉన్నదా?"

"సిద్ధయ్యను అడుగు. వాడు నీకు అన్నీ చెప్తడు గద" అన్నాడు జలంధర్, పళ్లెంలో చెయ్యి కడుక్కుంటూ.