జీవరాజు గారి చెంబుడు నీళ్ళు

రావులపాలెం అరటి మార్కెట్ వెనక సందులో, బళ్ళు బాగుచేసే, బోర్డు కూడా లేని రేకుల షెడ్డు జీవరాజు గారిది. అరవై దాటిన మనిషి. కళ్ళజోడుకి ఒక వైపు దారం కట్టి ఉంటుంది. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని లూథరన్ చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటారు, మిగతా ఆరు రోజులూ బళ్ళ కింద పడుకుంటారు. ఈయన్ని ఊరికే పొగడడం లేదు. నన్ను సిగ్గుపడేలా చేశారు, అందుకే చెబుతున్నాను.

మా బావ అచ్చిబాబుది ఆలమూరు. ఇరవై ఏళ్ళ నాటి మినీ లారీలో అరటి గెలలు మార్కెట్‌కి తోలడం ఆయన బతుకుతెరువు. మొన్న వేసవిలో, వెనక నుంచి కీచుమని శబ్దం వస్తోందని మొదలుపెట్టాడు. ఇద్దరు మెకానిక్కులు నడిపి చూసి ఏమీ లేదన్నారు. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. దారంతా “వినపడుతోందేంట్రా?” అని అడుగుతూనే ఉన్నాడు. “లేదు బావా” అంటూనే ఉన్నాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అనుకున్నాను. “ఓసారి చెవుల డాక్టర్‌కి చూపించుకో బావా” అని వేళాకోళం చేస్తే మా అక్క శ్యామలాంబ కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు. బండి వెనక కూలీలు కూర్చుని వస్తారు. గౌతమి వంతెన మీద ఏదైనా విరిగితే వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఏం చెప్పాలన్నది ఆయన బెంగ.

“లోపం బండిదైతే పాత ఇనుముకి ఇచ్చేస్తాను. నా చెవులదైతే స్టీరింగు ముట్టుకోను. ఏదో ఒకటి తేలాలి” అన్నాడు. ఎలా తేలినా ఆయన పని పోయినట్టే.

అలా జీవరాజు గారి దగ్గరికి వెళ్ళాం. ఆ రోజూ బండి కిక్కురుమనలేదు. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు.

“ఎప్పుడు వస్తుందో తర్వాత చెబుదురు గానండి. ఎప్పుడు రాదు?” అని అడిగారు.

బావ ఆలోచించాడు. “షెడ్డుకి తెచ్చినప్పుడు రాదండి.”

నేను పకపకా నవ్వాను. జీవరాజు గారు నావైపు ఒక చూపు చూసి, బావకేసి తిరిగారు. “షెడ్డుకి బయల్దేరే ముందు ఏం చేస్తారండి?”

“ఏముందండి, కాలవ దగ్గర పెట్టి శుభ్రంగా కడుగుతాను. బురద బండి మీ చేతిలో పెట్టడం మర్యాద కాదు కదండీ.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. “మూడ్రోజులు కడక్కండి. గెలలేసుకుని, ఎలా ఉన్న బండి అలా తీసుకురండి.”

నాలుగో రోజు దుమ్ముకొట్టుకుపోయిన బండితో వెళ్ళాం. మాసిన చొక్కాతో పెళ్ళికి వచ్చినవాడిలా బావ ముడుచుకుపోయాడు. బయల్దేరింది మొదలు కీచుమంటూనే ఉంది. ఆ రోజు నాకూ వినపడింది. బావ ముఖం చూడలేకపోయాను.

జీవరాజు గారు చెంబుతో నీళ్ళు తెచ్చుకుని వెనక చక్రం దగ్గర వంగారు. ఒకచోట కాసిని నీళ్ళు పోయడం, బండి కదపమనడం, వినడం. శబ్దం ఆగకపోతే ఇంకోచోట పోయడం. నాలుగోచోట పోయగానే శబ్దం టక్కున ఆగిపోయింది.

అక్కడ విప్పితే, బరువు మోసే కమాను పట్టీల కట్టను బండికి పట్టి ఉంచే పిన్ను ఒక పక్క సగానికి అరిగిపోయి ఉంది. కడిగిన తడికి కాసేపు ఊరుకుని, ఆరగానే మళ్ళీ అరిచేదట.

“ఇంకో నెల తిరిగితే విరిగిపోయేదండి” అన్నారు జీవరాజు గారు. “మీరు విన్నది నిజమేనండి.”

బావ ఆ పిన్ను అరచేతిలో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పనిమంతులు మా వైపు చాలామందే ఉన్నారు. బండి ఒకటి చెబుతూ మనిషి ఇంకోటి చెబుతుంటే, మనిషి మాట నమ్మి పని మొదలుపెట్టినవారిని మాత్రం ఈయన్నే చూశాను.

కొత్త పిన్ను వేయించుకుని, గెలలు దించేసి, అదే దుమ్ముతో తిరుగు ప్రయాణం కట్టాం. వెనక నలుగురు కూలీలున్నారు. గౌతమి వంతెన ఎక్కాక బావ మెల్లగా అడిగాడు.

“వినపడుతోందేంట్రా?”

కిటికీలోంచి తల బయటపెట్టి, వంతెన దాటేదాకా చెవులు రిక్కించి విన్నాను. అప్పుడు చెప్పాను, “లేదు బావా” అని.