నాచేత సూది పట్టించిన అవ్వ

మా పక్కింటి అవ్వ పోయిన మంగళవారం చనిపోయింది. పొద్దెక్కినా గోడ అవతల అలికిడి లేకపోతే వెళ్లి చూశాను. నిద్రలోనే పోయింది. పిల్లల్లేని మనిషి. కణేకల్ దగ్గరి పల్లె నుంచి తమ్ముడి కొడుకులు వచ్చి, సాయంత్రానికి తీసుకుపోయారు.

అనంతపురంలో ఆమె పక్కన తొమ్మిదేళ్లు ఉన్నాను. నా భార్య చనిపోయిన ఏడు మా పాప మూడో తరగతి. ఒక ఆదివారం తన స్కూలు బెల్టు తెచ్చి చూపించింది. కొస పోగులు పోగులుగా విడిపోయి బకిల్‌లో దూరడం లేదు. ఇలాంటివన్నీ వాళ్లమ్మ చూసుకునేది. నేను అగ్గిపుల్ల గీసి పోగులు అంటించాను. అంగుళం మేర మాడిపోయింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. బెల్టు పట్టుకుని, పాపను వెంటబెట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను.

గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. బెల్టును వేళ్లతో నలిపి చూసింది.

"ఇది నూలుది అప్పా. నైలానయితే కరిగి అతుక్కుంటాది. దీన్ని కాలిస్తే బూడిదే."

"కొంచెం కుట్టి ఇయ్యి అవ్వా."

"ఈసారంటే నేను కుడతా. నేను పోయినాక ఎవరు కుడతారు? కూర్చో. సూది పట్టు."

మాడిన ముక్క కత్తిరించమంది. కొసకు గుడ్డపీలిక చుట్టి, అంచులు లోపలికి మడిచి కుట్టమంది. నాలుగు కుట్లు వేశాక, "అది నిలవదు, విప్పు" అంది. విప్పి మళ్లీ కుట్టాను. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు నెలలుగా రాని నీళ్లు. అవ్వ నావైపు చూడలేదు.

"ఏడ్చుకో నాయనా. సూది కింద పెట్టి ఏడ్చుకో. గుచ్చుకుంటాది."

పాప బెల్టు తీసుకుని చూసి, "నాయనా, వంకరగా ఉండాది" అంది.

"వంకరైతే ఏమి పాపా, ఊడిరాదు పో" అంది అవ్వ.

ఆ తర్వాత గుండీలు, సంచి పట్టీలు, లంగా అంచులు అన్నీ నేనే కుట్టాను. అవ్వ ఎప్పుడూ బాగుందనలేదు. కుట్టును గట్టిగా లాగి చూసి తిరిగి ఇచ్చేది, అంతే. సాయంత్రాలు గోడ తట్టి, "తిన్యావా?" అని అడిగేది. పాప ఇంటరుకు హాస్టల్లో చేరాక, ఇంట్లో నాకు వినబడే మనిషి మాట అదొక్కటే.

తమ్ముడి కొడుకులు ఇంటికి తాళం వేసుకుని పోయారు. మా రెండిళ్లకూ మిద్దె ఒక్కటే. నిన్న పైకి ఎక్కితే తీగ మీద అవ్వ ఆకుపచ్చ చీర ఉంది. చనిపోయే ముందురోజు ఆరేసినట్టుంది, ఎవరూ గమనించలేదు. గాలికి కొట్టుకుంటోంది. తీసి, దుమ్ము దులిపి మడతపెట్టాను. ఎవరికివ్వాలో తెలియక, చేతుల మీద పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.