జానెడు లోతు చాలన్నారు

గ్యోక్లాన్ అక్క ఏ పని చేసినా పదికాలాలు నిలవాలనే చేస్తుంది. వెదురు మొలకల కోసం ముప్పై ఏళ్లుగా ఈ చియాయి కొండలు తవ్విన చెయ్యి అది. మా ఊరి పైనున్న వాలు జారుతోందని ప్రభుత్వం వాళ్లు పన్నెండు పెట్టెలు పాతించినప్పుడు ఆ పని ఆమెకే అప్పగించారు. నేల ఎంత కదిలిందో కొలిచి, తీగ లేకుండా మట్టిలోంచే కింది షెడ్డుకు అంకె పంపే పెట్టెలవి. జానెడు లోతు చాలని షియా ఇంజనీరమ్మ చెప్పింది. అడవిపందులు కుళ్లగిస్తాయని అక్క రెండు మూరలు దించింది. ఎవరికీ చెప్పలేదు. మంచే చేశాననుకుంది మరి.

ఎండల్లో బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక నిమిషానికొకటి రావాల్సిన అంకె ముప్పావుగంటకొకటి రాసాగింది. తెల్లారితే తుఫాను. టీ ఆకు ఆరబెట్టే షెడ్డులో షియా కంప్యూటరు ముందు తల పట్టుకుంది.

"ఎందుకింత నత్తనడక? దీన్ని నమ్ముకుని వాలు కిందున్న పదకొండిళ్లని ఎప్పుడు ఖాళీ చేయించను?"

పక్కనే కూర్చున్న అక్క మొహం చూసి నాకు ఒళ్లు మండింది. ఏదో దాస్తోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఏంటక్కా, బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావ్?"

"లోతు తప్పమ్మా," అంది చివరికి, షియాతో. "రెండు మూరలు పాతాను."

షియా తిట్టలేదు. "అంత తడిమట్టి దాటి రావాలంటే నెమ్మదించక ఏం చేస్తుంది? పైకి తెస్తే వేగం అదే వస్తుంది. కానీ ఈ వానలో ఎవరెక్కుతారు?"

"పాతింది నేనేగా. నేనే తీస్తా."

తెల్లవారగానే పలుగు పట్టింది. ఒక్కో పెట్టే పైకి వచ్చినకొద్దీ దాని అంకెలు చకచకా రావడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం రెండింటికి తొమ్మిది పూర్తయ్యాయి. మిగిలిన మూడూ ఆమె తమ్ముడింటి నెత్తిన ఉన్నాయి. వాన కుండపోతగా పడుతోంది. ఫోను చేసి దిగిరమ్మన్నాను.

"మూడేగా. నువ్వు నోర్మూసుకో," అంది.

రెండుంబావుకి షియా కుర్చీలోంచి లేచింది. తొమ్మిదో పెట్టె అంకె నిమిషనిమిషానికీ పెరుగుతోంది. అక్క ఇప్పుడే పైకి తెచ్చిన పెట్టె అది. ఆమె ఇంకా దాని పక్కనే తవ్వుతోంది.

షియా నా చేతిలోంచి ఫోను లాక్కుని అక్కకు చేసింది. "అక్కా, పలుగు పారేయండి. రాళ్లగట్టు మీదికి పరిగెత్తండి. మీ కాళ్ల కింద నేల కదులుతోంది."

"పదోది సగం తవ్వానమ్మా. కింద మా తమ్ముడు..."

"మీ తమ్ముణ్ని నేను తీసుకొస్తా. మీరు కదలండి ముందు."

నేను సైరన్ నొక్కాను. పదకొండిళ్ల వాళ్లూ వాలుకి దూరంగా ఉన్న బడికి చేరారు, తమ్ముడు కోళ్లగంపతో సహా. అందరికన్నా చివర అక్క వచ్చింది, నడుం దాకా బురదతో.

రెండూ నలభైకి వాలు కూలింది. మొదట పోయింది తమ్ముడిల్లే.

షియా వెంట తెచ్చిన కంప్యూటరు తిప్పి అక్కకు చూపించింది. తొమ్మిదో పెట్టె పాత లోతులోనే ఉండి ఉంటే ఆ పెరిగిన అంకె మూడింటికి, వాలు కూలిపోయాక వచ్చేది. అక్క అందరి ముందూ నిలబడి, ఆ రెండు మూరల సంగతి తనే చెప్పింది. తమ్ముడు గంప కింద పెట్టి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.