కంటిన్యువస్ మీద ఎర్రగీత

మా హెడ్మాస్టరు గారు పోయారని మొన్న పొద్దున్న భీమడోలు నుంచి డ్రాయింగు మాస్టారు ఫోను చేశారు. "స్కూలు సంచికకి ఆయన గురించి రెండు మంచి ముక్కలు రాయండి మేడమ్ గారూ" అన్నారు. నా దగ్గర సరిగ్గా రెండే ఉన్నాయి. మిగతావి కూడా రాస్తాను, వేసుకుంటే వేసుకోండి.

ఆయన ఇంగ్లీషు బాగా చెప్పేవారు. ఇది మొదటిది. నా సోషలు క్లాసుకీ ఆయన క్లాసుకీ మధ్య తడికే అడ్డం. "కంటిన్యువస్ అంటే మధ్యలో తెగనిది. ఏలూరు కాలవలో నీళ్ళు కంటిన్యువస్. ఆగి ఆగి వచ్చేది కంటిన్యువల్, మన కరెంటు లాగ" అనేవారు.

ఓరోజు ఉండబట్టలేక, "వేసవిలో కాలవ కట్టేస్తారు కదండీ!" అన్నాను తడిక ఇవతల నుంచి.

"రాసుకోండర్రా. సోషలు మేడమ్ గారి దగ్గు కంటిన్యువల్, కోపం కంటిన్యువస్."

పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయాను, దగ్గొచ్చింది. ఆ రెండు మాటల తేడా నలభై ఎనిమిదో ఏట తడిక సందులోంచి నేర్చుకున్నాను. అందుకు ఆయనకి దణ్ణం.

ఆ ఏడే కొల్లేరు పొంగింది. తొమ్మిది రోజులు రోడ్లు మునిగి, మాలో ఎవరికీ స్కూలుకి దారి లేకపోయింది. నీళ్ళు తీశాక అందరూ వరుసగా నిలబడి హాజరు పట్టీలో ఆ తొమ్మిది రోజులకీ సంతకాలు పెట్టేశారు. మా దగ్గర అది ఆనవాయితీ. నేను మాత్రం 'వరద' అని రాసి వదిలేశాను. అంత తెలివి నాది.

మరుసటేడు ఆయన రిటైరవుతుంటే ఆ కుర్చీకి వరుసలో ముందున్నది నేనే. ఇరవయ్యారేళ్ళ నౌకరీ. స్కూలు కమిటీకి పంపే నా సర్టిఫికెట్టులో 'కంటిన్యువస్ సర్వీసు' అని అచ్చేసి ఉంటుంది. ఆయన స్కేలు పెట్టి, ఎర్రసిరాతో, ఆ మొదటి మాట కొట్టేశారు.

"దారి మునిగిందని మీకు తెలీదాండీ?"

"తెలుసండీ. కానీ పట్టీలో తొమ్మిది రోజులు ఖాళీ ఉందండీ."

"మిగతావాళ్ళు మటుకు వచ్చారా?"

"వాళ్ళ సంతకాలున్నాయండీ. ఆ మాటకి అర్థం అదే, నేనేం చెయ్యను?"

"మీవీ ఉన్నాయి. తొమ్మిదీ ఒకే గుక్కలో పెట్టారు. అవి మాత్రం కంటిన్యువస్సేనండీ."

ఆయన స్కేలు తుడుచుకున్నారు. కుర్చీ నాకంటే పదేళ్ళ చిన్నాయనకి వెళ్ళింది. నేను రిటైరయ్యేదాకా ఆ చిన్నాయన ముందు నిలబడి సెలవు చీటీలిచ్చాను.

ఇక రెండో మంచి ముక్క. నేనూ రిటైరయ్యాక, ఒక శ్రావణమాసంలో పెద్దాయన ఏలూరు నుంచి బస్సులో మా ఊరొచ్చారు. చొక్కా లోపల్నించి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో కొత్త సర్టిఫికెట్టు, అంతా ఆయన చేతిరాత. ఈసారి ఏ మాటా కొట్టెయ్యలేదు. సంతకం ఉంది. సీలు లేదు. ఆయన దగ్గర ఇంకెక్కడిది?

"ఇదిప్పుడు దేనికి పనికొస్తుందండీ?" అన్నాను.

"దేనికీ పనికిరాదండీ. తప్పు రాశాను."

"రాయలేదు. చేశారు."

కాయితం తీసుకున్నాను. కూర్చోమనలేదు, కాఫీ ఇవ్వలేదు. పోయారు కదా అని ఇప్పుడు క్షమించేశాననుకోకండి.

గుమ్మంలోంచి చూశాను. గట్టు మీద బస్సు కోసం నిలబడ్డారు. వాన దంచేస్తోంది. చేతిలో గొడుగుంది. తెరవలేదు.