ఎద బిగబట్టే సోమవారం

గోనెగండ్ల నుంచి ఆదోనికి కాపురానికి వచ్చిన ఏడాదే సుంకమ్మ జిన్నింగు మిల్లులో చేరింది. పత్తి ఎత్తి యంత్రంలో పోయడం ఆమె పని. గింజ వేరయ్యేటప్పుడు నూగు లేచి లోపలి గాలంతా తెల్లబడుతుంది. ముక్కుకు కొంగు చుట్టుకోవడం తప్ప ఆడవాళ్లకు వేరే అడ్డం లేదు.

కొన్నాళ్లుగా ఆమెను దగ్గు వదలడం లేదు. మందుల షాపు సిరప్పులు పనిచేయలేదు.

"మిల్లులో పనంటే దగ్గు మామూలేనమ్మా" అన్నాడు మేనేజరు బాలకృష్ణయ్య.

ఆ 'మామూలే' అన్న మాటకు సుంకమ్మకు ఒళ్లు మండింది.

కూతురు పావని ఇంటర్ చదువుతోంది. పాఠాల్లో అనుమానాలను ఫోన్లో ఏఐని అడుగుతుంటుంది. ఒక ఆదివారం సుంకమ్మ ఆ ఫోన్ లాక్కుని నోటితోనే అడిగింది. "నాకు దగ్గు యాల వస్తాండాది?"

అది జలుబుతో మొదలుపెట్టి క్షయ దాకా చదువుకుంటూ పోయింది.

"ఊర్లో రోగాలన్నీ నాకే అంటగడతాందే ఇది!"

పావని నవ్వింది. "నువ్వేం పని చేస్తావో దానికేం తెలుసమ్మా? డాక్టరుకు సెప్పినట్ల అంతా సెప్పు."

సుంకమ్మ మళ్లీ మొదలుపెట్టింది. మిల్లు గురించి, నూగు గురించి చెప్పింది. "సెలవు రోజు ఇంట్లో ఉంటే బాగుంటాను. సోమవారం మిల్లుకు పోతానే ఎద బిగబట్టినట్లయితాది. వారం గడిసేకొద్దీ కొంచెం సులువు."

ఈసారి జవాబు మారింది. పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు ఒకటుందనీ, సెలవు తర్వాత మొదటిరోజు ఛాతీ బిగుసుకోవడం దాని లక్షణమనీ చెప్పింది. అదేనో కాదో డాక్టరు పరీక్షించి తేల్చాలంది.

యాడికి పోవాలని అడిగితే ఆదోనిలోనే ఒక ఆసుపత్రి పేరు, వీధి పేరు చెప్పింది. సుంకమ్మ ఎండలో ఆ వీధంతా తిరిగింది. అలాంటి ఆసుపత్రి లేనే లేదు. ఇంటికొచ్చి ఫోన్ ముందు కూర్చుని తిట్టిపోసింది.

"ఆడ ఏమీ ల్యాదు. తెలీకుంటే తెలీదని సెప్పు!"

అది క్షమించమంది. అప్పటినుంచి ఏది అడిగినా "తెలిసిందే సెప్పు, ఎవర్ని అడిగి రూఢి చేసుకోవాల్నో కూడా సెప్పు" అని చివర్లో చేర్చడం ఆమెకు అలవాటైంది.

చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి పోతే అక్కడి ఛాతీ డాక్టరు గొట్టంలోకి ఊదించి చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. అదే జబ్బు, ఇంకా ముదరలేదన్నాడు. ఆ పని మానేయమన్నాడు.

"నేను మానితే నా సోట ఇంకో ఆడది నిలబడతాది సార్. ఆమెది ఎద కాదా?"

మరునాడు అన్నాల వేళ తోటి ఆడవాళ్లను అడిగింది. దేవమ్మకూ సోమవారమే ఆయాసం. రేణుకకూ అంతే. ఎవరికి వాళ్లు తమ ఒంటి బలహీనత అనుకున్నారు. అందరూ కలిసి మేనేజరు గదికి వెళ్లి మాస్కులు, దుమ్ము లాగే ఫ్యాన్లు కావాలన్నారు.

"ఫోన్ సెప్పిందని వచ్చినారా?" అని వెటకారం చేశాడు బాలకృష్ణయ్య.

"ఫోన్ సెప్పింది, డాక్టరు సెప్పినాడు. నువ్వే వినల్యా అన్నా" అంది సుంకమ్మ.

"ఇష్టముంటే చెయ్యండి. లేకుంటే గేటు ఆడుంది."

సుంకమ్మ నేరుగా వెళ్లి గేటు బయట కూర్చుంది. దేవమ్మ పక్కన కూలబడింది. కాసేపటికి లోపల యంత్రాల దగ్గర ఒక్క ఆడమనిషీ లేదు. పత్తి ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరాయి. ఎండ నెత్తికెక్కింది, ఎవరూ లేవలేదు. సాయంత్రానికి యజమాని కారులో దిగి సరేనన్నాడు.

మాస్కులు వెంటనే వచ్చాయి. ఫ్యాన్లు మాత్రం మొదటి వరుస యంత్రాలకే బిగించారు. నోరు మూసుకుంటుందని కాబోలు, సుంకమ్మకు బయట కాటా దగ్గర పని ఇచ్చారు. డాక్టరు మాట కాబట్టి ఆ పని తీసుకుంది. నోరు మాత్రం మూయలేదు.

"రెండో వరుసకు ఫ్యాన్లు ఎప్పుడు, అన్నా?" అని బాలకృష్ణయ్యను అడిగింది.

"వచ్చే నెల సూద్దాం."

"అయితే ఆ వరుస కూడా వచ్చే నెలే తిరుగుతాది."

ఆ మాట మీద ఆడవాళ్లంతా నిలబడ్డారు. రెండో వరుస యంత్రాల ముందుకు ఒక్కరూ పోవడం లేదు. అవి ఇప్పటికీ ఆగే ఉన్నాయి.