నవాబు మేసిన సముద్రం

ఆ రోజుల్లో, లోకంలోని ప్రతి పనినీ ఒక పద్ధతి ప్రకారం చేస్తే చాలు, ఏ పొరపాటూ జరగదని నాకు గట్టి నమ్మకం ఉండేది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే కావడం వల్ల, ఆ పట్టాకు తగిన గాంభీర్యాన్ని నడకలోను, మాటలోను, చివరికి కొత్తిమీర కొనడంలోను పాటించేదాన్ని. (ఒకసారి ఛత్రినాక మార్కెట్లో "దయచేసి ఒక కట్ట ఇవ్వగలరా?" అని నేను అడిగితే, కూరగాయల అవ్వ మా అమ్మ వైపు తిరిగి "బిడ్డకు పానం మంచిగ లేదా?" అని ఆరా తీసింది.)

అలాంటి నాకు మొదటి ఉద్యోగం సముద్రంలో దొరికింది. లాల్‌దర్వాజాలో పుట్టి, మూసీని, ట్యాంక్‌బండ్‌ను తప్ప పెద్ద నీటిని చూసి ఎరగని నేను, తూర్పు తీరంలోని ఒక చిన్న అఖాతాన్ని కాపాడే సంస్థలో చేరాను. ఆ అఖాతం అడుగున గడ్డి పెరుగుతుంది. అది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు అన్నీ ఉన్న అసలైన మొక్క. రొయ్య పిల్లలకు, పీతలకు, చేపలకు అదే ఉయ్యాల, అదే బడి. గడ్డి పలచబడితే వలలో చేపలు కూడా పలచబడతాయని గ్రహించిన అక్కడి మత్స్యకార కుటుంబాలు శాస్త్రవేత్తలతో చేతులు కలిపి, వలల్లో తెగి వచ్చిన కుదుళ్లను ఏరి మళ్లీ నీటి అడుగున నాటుతున్నాయి. ఆ పనిలో నేను సహాయకురాలిని. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే బాపుకు ఇదంతా స్నేహితులకు వివరించడం పెద్ద పరీక్ష అయింది.

"బిడ్డకు నౌకరి అచ్చిందంట గదన్నా, ఏం పని?"

"సముద్రంల గడ్డి నాటుడు."

ఒకాయన సానుభూతిగా, "పోనీ తియ్యన్నా, పర్మనెంటేనా?" అన్నాడట.

కాదు, అదే అసలు చిక్కు. ఉద్యోగం ఖాయం కావాలంటే నేను స్వయంగా ఒక కార్యక్రమం నడిపి చూపించాలని పెద్దసారు (మా సంస్థ అధిపతిని మేమంతా అలాగే పిలిచేవాళ్లం) చెప్పారు. మా ఛత్రినాక బడిలో పిల్లలకు సముద్రపు గడ్డిని ప్రాణంతో చూపిస్తానని నేను ధైర్యంగా ప్రకటించాను. అఖాతంలో మహిళా సంఘాన్ని నడిపే పడవక్క (తన పడవ తనే నడుపుకుంటుంది కనుక ఆ పేరు) వలలో తెగి వచ్చిన కొన్ని కుదుళ్లను ఇసుకతో సహా నాకు అప్పగించింది. "ప్రాణంతో తీసకపోతా ఉండావు పాపా, ప్రాణంతో తెచ్చియ్యాల. నేను కూడా వస్తా, మీ బడి పిలకాయల్ని చూడాల," అంది. నేను చేతులు జోడించి, "మీ నమ్మకాన్ని వమ్ము చేయనని సవినయంగా మనవి చేస్తున్నాను," అన్నాను. పడవక్క నా వంక అనుమానంగా చూసింది.

లాల్‌దర్వాజాలోని మా ఇంటి డాబా మీద నా సముద్రాన్ని ఏర్పాటు చేయడానికి నేను పడిన శ్రమ అంతా ఇంతా కాదు. ఎండ ఏ మూలకు ఎంతసేపు పడుతుందో గమనించి, పిట్టగోడ పక్కన ఒక చోటు ఎంచుకున్నాను. అక్కడే ఖాళీగా పడి ఉన్న నీలం రంగు టబ్బును శుభ్రంగా కడిగి, ఇసుక పరిచి, క్యాన్లలో తెచ్చిన సముద్రపు నీరు నింపి, కుదుళ్లను నాటి, బుడగలు తేల్చే చిన్న మోటారు అమర్చాను. గోడ మీద "ఇందులో మంచినీరు పోయరాదు" అని రాసి అతికించాను. అది అమ్మ కోసం. పచ్చటి మొక్క ఉప్పునీటిలో నిలబడి ఉండడం ఆమె చూడలేకపోయింది.

"ఏందే, పాపం తగల్తది! గింత మంచినీళ్లు పోస్తే నీ సొమ్మేం పోతది?"

"అమ్మా, అది ఉప్పునీటి మొక్క. మంచినీరు దానికి హానికరం."

"హానికరమో గీనికరమో! ఉప్పు తిన్నంక ఎవ్వలకైనా దూప గాదా?"

అమ్మ మీద నిఘా పెట్టడంలోనే నా తెలివితేటలన్నీ ఖర్చయ్యాయి. అసలు ప్రమాదం గడ్డం ఊపుకుంటూ గోడ అవతలి నుంచి రానుందని నాకు తట్టలేదు.

గోడ అవతల గడియారాల చాచా డాబా. అఫ్జల్‌గంజ్‌లో గడియారాలు బాగుచేసే చాచా, ముద్దుగా ఒక మేకను పెంచుకునేవాడు. దాని పేరు నవాబు. రంజాన్‌కు హలీం గిన్నె, బోనాలకు బెల్లపన్నం గిన్నె దాటే ఆ పొట్టి గోడను నవాబు కూడా రోజూ దాటేవాడు. ఎందుకంటే మా అమ్మ కూరగాయల తొక్కులు, గంజి దాని కోసం వేరుగా తీసి, డాబా మీద ఒక టబ్బులో పోసేది. పిట్టగోడ పక్కన. నీలం రంగు టబ్బులో.

(అవును. ఎండను అంత శ్రద్ధగా పరిశీలించిన నేను, ఆ టబ్బు అక్కడ ఎందుకుందని ఎవరినీ అడగలేదు.)

నేను గడ్డి తెచ్చినప్పుడు చాచా నవాబును తీసుకుని చెల్లెలి ఊరికి వెళ్లి ఉన్నాడు. వాళ్లు తిరిగి వచ్చింది సరిగ్గా కార్యక్రమం రోజు ఉదయమే. ఇస్త్రీ చీర కట్టుకుని, ఉపన్యాసం వల్లె వేసుకుంటూ నేను డాబా ఎక్కేసరికి, నవాబు నా సముద్రంలోంచి మూతి ఎత్తి, గడ్డం నుంచి ఉప్పునీరు కారుతుండగా నన్ను ఎంతో ప్రేమగా చూశాడు. ఊరి నుంచి వచ్చేసరికి ఇంత ప్రత్యేకమైన విందు సిద్ధం చేసినందుకు కృతజ్ఞత కాబోలు. ఇసుకలో మిగిలినవి పొట్టి మొదళ్లే.

నా కేకకు చాచా గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అరె బేటీ, క్యా హువా?"

"చాచా, మీ నవాబు నా ఉద్యోగం తినేశాడు!"

"గడ్డే గదా బేటీ? ఫికర్ మత్ కరో! మస్తు గడ్డి తెస్త, గిప్పుడే తెస్త!" అంటూ పరుగెత్తి, కాసేపటికి పెద్ద పచ్చిమేత మోపుతో తిరిగొచ్చాడు. నవాబు దానికేసి కన్నెత్తి చూడలేదు. సముద్రం రుచి మరిగిన నాలుక మరి.

"నేను మంచినీళ్లు పోస్తేనేమో లొల్లి జేసినవ్," అంది అమ్మ. "గిప్పుడు జూడు."

సరిగ్గా అప్పుడే ఆటో దిగి, మెట్లెక్కి పడవక్క వచ్చింది. నేను నిటారుగా నిలబడి, కన్నీళ్లు ఆపుకుంటూ, "అక్కా, నా సంరక్షణలో ఉన్న జీవసంపదకు జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత వహిస్తూ..." అని మొదలుపెట్టాను. పడవక్క నన్ను చేత్తో పక్కకు జరిపి టబ్బులోకి తొంగి చూసింది.

"ఎవురు మేసింది?"

అందరం నవాబు వైపు చూశాం. పడవక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని హడలిపోయాను. కాదు, భుజాలు ఎగిరేలా నవ్వుతోంది. "మా కాడ తాబేలు మేస్తాది, మీ కాడ మేక మేస్తాదా!"

"మళ్లీ చిగురిస్తుందా అక్కా? వేళ్లు కదల్లేదు. తాబేలు మేస్తే చిగురిస్తుందని పుస్తకంలో ఉంది. కానీ మేక..."

"మేక మేసింది నేను మాత్రం యాడ చూశా పాపా? చూద్దాం పా. దీన్నే పట్టకపోదాం బడికి."

నేరస్థుడు కూడా వచ్చి క్షమాపణ చెప్పాల్సిందేనని చాచా పట్టుబట్టడంతో, బడికి మేము ఊరేగింపుగా వెళ్లాం. ముందు టబ్బుతో నేను, వెనుక పడవక్క, అమ్మ, చివర తాడు పట్టుకుని చాచా, నవాబు. బడిలో మా కోసం ఎదురుచూస్తున్న పెద్దసారును చూడగానే కంఠస్థం చేసిన ఉపన్యాసమంతా మరిచిపోయాను. కనుక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పిల్లలు బల్లలెక్కి విన్నారు. సముద్రంలో ఆకుపచ్చ తాబేలు ఎలా మేస్తుందో, వేళ్లు మిగిలితే గడ్డి ఎలా నిలుస్తుందో, నాలుగు మొదళ్లను చూపిస్తూ నేను చెబుతుండగా, నేను ఎంతో శ్రమపడి గీసిన కాగితపు తాబేలును నవాబు వెనుక నుంచి ప్రశాంతంగా నమిలేశాడు. పెద్దసారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ, "చిగురిస్తుందో లేదో చూసి చెప్పమ్మా. నీ ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం," అన్నారు.

ఆ తర్వాత టబ్బుకు కాపలా కాసింది నేను ఒక్కదాన్నే కాదు. బడి విడిచాక పిల్లలు వచ్చి చూసేవారు. చాచా దుకాణం నుంచి భూతద్దం తెచ్చి మొదళ్లను గడియారపు ముళ్లలా పరీక్షించేవాడు. అమ్మ మంచినీళ్ల చెంబును దూరంగా పెట్టుకుంది. చివరికి ఒక ఉదయం, "ఏమేవ్, లెవ్వు! పచ్చగ అచ్చింది!" అని నన్ను లేపింది కూడా అమ్మే. దారమంత సన్నని ఆకు ఒకటి ఉప్పునీటిలో ఊగుతోంది. గోడ అవతల నుంచి నవాబు కూడా ఆసక్తిగానే చూశాడు. (ఈసారి తాడు పొట్టిది.)

ఆ కుదుళ్లను నేనే తీసుకెళ్లి పడవక్కతో కలిసి అఖాతంలో నాటాను. ఉద్యోగం ఖాయమైంది. ఇప్పటికీ అదే పని. ఆ చోటు మీదుగా పడవ వెళ్లినప్పుడల్లా పడవక్క తెడ్డు ఆపి, "నవాబుగారి మడి వచ్చింది, దండం పెట్టుకో," అంటుంది. నేను వంగి నీళ్లలోకి చూస్తాను. నీరు తేటగా ఉన్న రోజున పచ్చగా ఊగే ఆ గడ్డి మీద నా నీడ పడుతుంది. ఇస్త్రీ చీరలో నిటారుగా నిలబడి, మేక ఎదుట పూర్తి బాధ్యత వహించిన ఆ పిల్ల కూడా అక్కడే ఎక్కడో ఉన్నట్టనిపిస్తుంది. ఆమెతో ఒక్క మాట చెప్పాలనుంటుంది: అమ్మాయీ, దయచేసి కాస్త నవ్వగలరా?