పాత డిస్కుకి తగ్గించిన మూడొందలు

స్విచ్చి నొక్కి, పళ్లు తోముకుని, కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండే రోజులవి. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు కంపెనీ, నరసరావుపేటలో మా ఇంట్లోనే కూర్చుని చేసుకునే పని. లాప్‌టాప్ మాత్రం నాదే ఉండాలన్నారు. ఉన్నదేమో నేను కాలేజీలో చేరినప్పుడు నాన్న కొనిపెట్టింది, ఎనిమిదేళ్ల ముసలిది. పొద్దున మీటింగులో అందరూ మాట్లాడుకుని సెలవు తీసుకునే వేళకి నా మొహం తెర మీద ప్రత్యక్షమయ్యేది. కొత్తది కొనాలంటే నలభై వేల పైమాట. కొనలేక కాదు గానీ (కొనలేకే, కాకపోతే కొట్టు పెట్టిన ఇంటి పిల్ల ఆ మాట పైకి అనదు), ఉన్నదాన్ని తక్కువలో బాగుచేయించడంలో ఉన్న తృప్తి కొత్తది కొనడంలో ఎక్కడుంటుంది?

నేను పెరిగింది స్టీలు సామాన్ల కొట్లో. ఎవరైనా పాత ఇత్తడి బిందె తెస్తే నాన్న దాన్ని తూకం వేసి, ఆ విలువ కొత్త బిందె మీద తగ్గించి ఇచ్చేవాడు. మా కొట్టుకి మూడు మెట్లుండేవి. ధర కుదరని ఆడవాళ్లు మొహం తిప్పుకుని మెట్లు దిగి బజార్లోకి నడిచేవారు. నాన్న కదలకుండా కూర్చుని వాళ్ల అడుగులు లెక్కపెట్టేవాడు. ముందే పిలిస్తే మన ఆత్రం బయటపడుతుందనీ, ఐదో అడుగు పడితే ఆ మనిషి పక్క కొట్టువాడి మనిషైపోతుందనీ నాకు చెప్పేవాడు. అందుకే సరిగ్గా నాలుగో అడుగు దగ్గర "ఇటు రామ్మా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వస్తుందని తెలుసు కాబట్టే వాళ్లూ చానా మెల్లగా నడిచేవారు. నన్ను అన్నానికి పిలిచినా అదే మాట, అదే గొంతు. బేరం వచ్చిందో అన్నం పెట్టారో తెలియక నేను గిన్నెల చాటునుంచి లేచి వచ్చిన రోజులు బోలెడు.

నాన్న పోయి అప్పటికి పదకొండు నెలలు. కొట్టు అద్దెకిచ్చేశాం. అందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. మెట్లు మాత్రం అవే.

మా వీధిలోనే, ఒక మేడ మీద గదిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. అందరూ కలాలు పెట్టుకునే జేబులో ఆయన స్క్రూడ్రైవర్ పెట్టుకునేవాడు, అందుకని మాకు స్క్రూల బాబాయి. నా లాప్‌టాప్ బోర్లించి, విప్పి, చూసి, మనిషి గట్టిదేననీ గుండె ఒక్కటే మార్చాలనీ తేల్చాడు. పాత హార్డ్‌డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేసి, మెమరీ ఇంకాస్త పెంచితే కొత్తదానిలా లేస్తుందన్నాడు. ఐదు వేల రెండొందలు చెప్పాడు. నేను మూడున్నర అన్నాను. ఆయన నవ్వనైనా నవ్వలేదు. లేచి తలుపు దాటి మెల్లగా నాలుగు అడుగులు వేశాను. పిలుపు రాలేదు. (మేడ మెట్లు మొదలయ్యాయి, ఆగడానికి వంక దొరక్క చెప్పు సరిచేసుకున్నాను.) చివరికి నా అంతట నేనే వెనక్కి వచ్చి, పాత డిస్కు మీరే ఉంచుకుని తగ్గించండని కొత్త మెలిక పెట్టాను. అదెందుకమ్మా నాకు అన్నాడు. ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ మొరాయించలేదనీ, ఇప్పుడొచ్చేవన్నీ రేకు సరుకనీ, మా నాన్న బిందెల్ని పొగిడినట్టే పొగిడాను. నా నోరు భరించలేకో ఏమో మూడొందలు తగ్గించాడు.

తరవాత ఆయన అడిగిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"ఇందులోయి ఏమన్నా కొత్తదాంట్లోకి ఎక్కించాలా అమ్మాయ్? కాపీకి రెండొందలు."

ఉద్యోగం కాగితాలూ సర్టిఫికెట్లూ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను కాబట్టి, అక్కర్లేదన్నాను. మూడూ రెండూ ఐదొందలు మిగిల్చానని మేడ దిగుతూ మురిసిపోయాను. లాప్‌టాప్ కూడా నా తెలివికి తగ్గట్టే పనిచేసింది. స్విచ్చి నొక్కి కుర్చీ లాక్కునేలోపే తెరుచుకునేది. మీటింగుకి అందరికంటే ముందు నేనే వెళ్లి, ఖాళీ తెర ముందు పెళ్లివారి కోసం ఎదురుచూసే బంధువులా కూర్చునేదాన్ని.

ఆరో రోజున అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది.

"ఏమే, మీ నాన్న కొట్లో మాట్టాడేది ఒకటి తీశావుగా. సంవత్సరీకానికి మీ అత్తలొస్తారు, అది పెడదాం. నేనూ ఆ గొంతు విని ఏడాది కావస్తంది."

వినడానికి నాకు ధైర్యం చాలక అన్నాళ్లూ దాని జోలికి పోలేదు. కాలేజీ రోజుల్లో లాప్‌టాప్ కొట్లో బల్ల మీద పెట్టి, కెమెరా పనిచేస్తుందో లేదో చూడబోయి తీసిన ముక్క అది. నాన్న మాట మా దగ్గర ఉన్నది అదొక్కటే. పెన్‌డ్రైవ్ వెతికాను, లేదు. పాత ఫోనులో ఉండాలి అనుకున్నాను. పాత ఫోను ఇచ్చి కొత్త ఫోను మీద రెండు వేలు తగ్గించుకున్నది నేనే. అమ్మకి వెతుకుతున్నానని చెప్పి చెప్పులేసుకున్నాను. మూడొందలకి నేను అమ్ముకొచ్చింది ఏమిటో ఆవిడకి చెప్పే నోరు లేదు.

కొనేవాళ్ల కళ్లలో ఆశ కనపడకూడదన్నది మా ఇంటి చదువు. అందుకని మేడెక్కి ముందు మౌస్ ధర అడిగాను. కీబోర్డు ధర అడిగాను. ఆ తరవాత, ఏదో గుర్తొచ్చినట్టు, మా స్నేహితురాలికి ఒక పాత డిస్కు కావాలట, నాది ఉందా అన్నాను. స్క్రూల బాబాయి సొరుగు లాగి చూసి, పిడుగురాళ్ల సున్నం బట్టీ ఆఫీసు వాళ్లు పాతది ఒకటి అడిగారనీ, సాయంత్రం అందులోవన్నీ శుభ్రంగా తుడిచి వాళ్లకి పంపబోతున్నాననీ, నాకైతే పన్నెండొందలనీ అన్నాడు. 'తుడిచి' అన్న మాట దగ్గరే నా బేరం ఆగిపోయింది. నాలుగొందలనాలి. మొహం తిప్పుకోవాలి. తలుపు దాటాలి. నేను పర్సు తెరిచి పన్నెండొందలు బల్ల మీద పెట్టాను.

ఆయన డబ్బు ముట్టుకోలేదు. నా వంక చూశాడు.

"నువ్వు బేరం ఆడట్లేదేంది? ఒంట్లో బాలేదా?"

తల అడ్డంగా ఊపి, సొరుగులోంచి డిస్కు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంకేం అడక్కుండా డిస్కుని తన కంప్యూటర్‌కి తగిలించి, నేను వేలితో చూపించిన చోట తెరిచాడు. గిన్నెల వరసలు కనిపించాయి. పక్కన సగం భుజం, ఖద్దరు చొక్కా. మొహం లేదు. (కెమెరా పెట్టింది నేను మరి.) ఎవరో ఒకావిడ ఈ ధరకి రెండు బిందెలొస్తాయని అంటోంది. బరువు చేత్తో చూడమ్మా అంటున్నాడు నాన్న. ఆవిడ వద్దంటోంది. మెట్లు దిగుతున్న చప్పుడు. నేనూ స్క్రూల బాబాయీ ఇద్దరం అడుగులు లెక్కపెట్టాం.

"ఇటు రామ్మా. రా. నీ మాటా కాదు, నా మాటా కాదు."

అంతే. ముక్క అక్కడితో అయిపోయింది. స్క్రూల బాబాయి జేబులో స్క్రూడ్రైవర్ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కుక్కరు కొన్నప్పుడు మా నాన్న తనని మూడు సార్లు ఇట్టాగే వెనక్కి పిలిచాడనీ, మూడోసారి కూడా తనే ఓడిపోయాడనీ చెప్పాడు. బల్ల మీద డబ్బులో మూడొందలు తీసుకున్నాడు. ఇంకో రెండొందలు తీసుకుని, కాపీకి మాత్రం తగ్గేది లేదన్నాడు. మిగిలింది నా చేతిలో పెట్టాడు. మిగిల్చుకున్నానని మురిసిన ఐదొందలూ సరిగ్గా అణా పైసలతో సహా వెళ్లిపోయాయి. డబ్బు పోయినందుకు అంత హాయిగా నేనెప్పుడూ మెట్లు దిగలేదు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక పెట్టాను. అత్తలు కొంగులు కళ్లకద్దుకున్నారు. అమ్మ ఏడవలేదు. తెర ముందుకి వంగి రెండుసార్లు వింది.

"ఇంతకీ ఆ బిందె ఎంతకిచ్చాడే?"

తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు. బిందె అడిగినావిడ వెనక్కి వచ్చిందో లేదో కూడా తెలియదు.

ఆ లాప్‌టాప్ మీదే ఇది రాస్తున్నాను. మూత కీలు ఒకటి ఊడింది, రబ్బరు బ్యాండు వేశాను. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు నిజంగానే ఉంది గానీ, నా చేత ఆ మాట ఎవరూ అనిపించలేరు. ఈ మధ్య ఏ బజారుకెళ్లినా ధర చీటీ అంటించేసి ఉంటుంది. బేరమంటే ఆ పిల్లలు నా వంక జాలిగా చూస్తారు. అయినా నేను అడుగుతాను. కాదంటే మొహం తిప్పుకుని బయటికి నడుస్తాను. వాళ్లు పిలవరని తెలుసు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగు వేయడానికి మాత్రం నాకు ఎప్పుడూ కాస్త ఆలస్యమవుతుంది.